వి వన్, వి టూ కంఠతా వచ్చినా నోట్లోంచి ‘డిడ్ నాట్ వెంట్’ ఎందుకొస్తుంది?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ తర్వాత హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం. వి వన్, వి టూ, వి త్రీ పట్టిక, అంటే ఒక్కో క్రియకు ఉండే మూడు రూపాలు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలరు. ఖాళీలు పూరించమంటే తప్పు పోదు. పొద్దున టీమ్ మీటింగులో ‘నిన్న ఏం చేశారు?’ అని అడిగేసరికి మాత్రం ‘ఐ డిడ్ నాట్ వెంట్’, ‘ఐ హ్యాడ్ కంప్లీటెడ్ యెస్టర్‌డే’ అని వచ్చేస్తోంది. ఏ పుస్తకం కొనాలి, రోజుకు ఎంతసేపు చదవాలి అని అడిగారు.

కొత్త పుస్తకం అక్కర్లేదు. మీకు కావలసిన వ్యాకరణం చాలావరకు మీకు వచ్చు. కాకపోతే అది చేతికి వచ్చు, నోటికి రాదు. పట్టికలో ‘గో, వెంట్, గాన్’ అని వరసగా చెప్పడం ఒక పని. నిన్న జరిగింది చెబుతుంటే ‘వెంట్’ దానంతటదే నోటికి రావడం ఇంకో పని. మొదటిది ఎంత చేసినా రెండోది రాదు. చాలా ఏళ్లుగా తెలుగు మీడియం పిల్లలకూ ఉద్యోగస్తులకూ ఇంగ్లీషు చెబుతూ నేను చూసింది ఇదే.

ఇంకో మాట. మనం చేసే తప్పులు గాలివాటంగా వచ్చేవి కావు. తెలుగు ఎక్కడ ఒకలా, ఇంగ్లీషు ఎక్కడ ఇంకోలా నడుస్తాయో సరిగ్గా అక్కడే జారిపడతాం. ఆ చోట్లు తెలిస్తే సాధన సగం తేలికవుతుంది.

ముందు సింపుల్ పాస్ట్ ఒక్కటే పట్టుకోండి. బడిలో పన్నెండు కాలాలనూ ఒకే పట్టికలో సమానంగా చూపిస్తారు, అందుకని అన్నీ సమానంగా వాడతారనిపిస్తుంది. నిజానికి జరిగిన సంగతి చెప్పేటప్పుడు కథను ముందుకు నడిపేది సింపుల్ పాస్టే. ‘ఐ గాట్ అప్, ఐ మిస్డ్ ద బస్, ఐ టుక్ యాన్ ఆటో, ఐ రీచ్డ్ లేట్’ — ఇంతే. మిగతావి మధ్యలో ఒకటీ అరా వస్తాయి. ఇది నోటికి స్థిరపడకుండా ‘హ్యాడ్ బీన్’ దగ్గరికి పరిగెత్తడం వల్లే చాలామంది రెండూ చెడగొట్టుకుంటారు.

సింపుల్ పాస్ట్‌లో మనకొక సుఖం కూడా ఉంది. తెలుగులో వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం, వెళ్ళారు, వెళ్ళాయి అని మనిషిని బట్టి చివర మారుతూ ఉంటుంది. ఇంగ్లీషులో అందరికీ ‘వెంట్’ ఒక్కటే. బదులుగా ఎవరు వెళ్ళారో ప్రతిసారీ ముందే చెప్పాలి. తెలుగులో ‘వెళ్ళాను’ అంటే నేనే అని తెలిసిపోతుంది కాబట్టి ‘నేను’ వదిలేస్తాం. ఆ అలవాటుతో ‘యెస్టర్‌డే వెంట్ టు బ్యాంక్’ అనకండి.

ఇక ‘డిడ్ నాట్ వెంట్’ సంగతి. దీనికి మందు మన తెలుగులోనే ఉంది. ‘రాలేదు’ అన్న మాట చూడండి. ‘వచ్చాలేదు’ అనం, ‘వచ్చిలేదు’ అనం. ‘రా’ అనే మూలరూపానికి ‘లేదు’ తగిలిస్తాం. కాలం బరువంతా ‘లేదు’ మోస్తుంది, ‘రా’ ఖాళీగా ఉంటుంది. ఇంగ్లీషులోనూ అంతే. ‘డిడ్ నాట్’ దగ్గరే కాలం చెప్పడం అయిపోయింది, కాబట్టి తర్వాత వచ్చే క్రియ మూలరూపంలోనే ఉండాలి: ‘డిడ్ నాట్ కమ్’. ‘వెళ్ళలేదు’ అంటే ‘డిడ్ నాట్ గో’. ‘తినలేదు’ అంటే ‘డిడ్ నాట్ ఈట్’. ఈ జతల్ని బయటికి వినపడేలా చెప్పుకోండి. ‘రాలేదు’ అనడానికి మీ నోరు ఎన్నడూ తడబడలేదు, అదే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది.

చిక్కంతా ప్రశ్న దగ్గర. తెలుగులో ‘వచ్చాడు’కు ‘ఆ’ తగిలిస్తే ‘వచ్చాడా?’ అయిపోతుంది. క్రియ భూతకాలంలోనే ఉంటుంది, మాటల వరస మారదు. అందుకే ‘డిడ్ హి కేమ్?’ అనేస్తాం, లేదా ‘హి కేమ్?’ అని గొంతు పైకి లేపి ఊరుకుంటాం. ఇక్కడ తెలుగు ఆసరా దొరకదు, నోటికి విడిగా అలవాటు చేయాలి. నేను చేయించే సాధన చాలా చిన్నది. ఒక క్రియ తీసుకుని మూడు వాక్యాలు ఒకే ఊపిరిలో చెప్పాలి: ‘షి కాల్డ్. డిడ్ షి కాల్? షి డిడ్ నాట్ కాల్.’ తర్వాతి క్రియ: ‘దే వెంట్. డిడ్ దే గో? దే డిడ్ నాట్ గో.’ బస్సులో, మెట్రోలో, వంటింట్లో ఎక్కడైనా చేసుకోవచ్చు. గంటసేపు కాదు, రెండు మూడు నిమిషాలే. కానీ రోజూ చేయాలి. కొన్ని వారాల్లో ‘డిడ్’ అనగానే నాలుక మూలరూపం కోసమే చూస్తుంది.

ఇప్పుడు అసలైన జారుడు చోటుకి వద్దాం. ‘నిన్న నేను ఇంట్లో ఉన్నాను’, ‘ఇప్పుడు నేను ఇంట్లో ఉన్నాను’ — రెండింట్లోనూ ‘ఉన్నాను’ ఒక్కటే! ఎప్పటి సంగతో ‘నిన్న’, ‘ఇప్పుడు’ అన్న మాటలే చెబుతాయి. ఆ ‘ఉన్నాను’ చివర చేరిన ‘తింటున్నాను’, ‘చదువుతున్నాను’ కూడా అలాగే రెండు కాలాలకూ నడుస్తాయి. ‘నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను తింటున్నాను’ అన్నది చక్కని తెలుగు. దాన్ని అలాగే మోసుకెళ్తే ‘వెన్ యూ కాల్డ్, ఐ యామ్ ఈటింగ్’ అవుతుంది. ఇంగ్లీషులో అది ‘వాజ్ ఈటింగ్’ కావాలి. మీటింగుల్లో ‘యెస్టర్‌డే ఐ యామ్ ఆన్ లీవ్’ అని వినపడేదీ ఇందుకే. ‘ఉన్నాను’ అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ‘ఎప్పుడు?’ అని ఒక్కసారి అడుక్కోండి. గడిచిపోయిన సమయమైతే ‘వాజ్’ లేదా ‘వర్’. చాలామంది క్రియల పట్టిక మీద నెలలు పెడతారు గానీ ఈ రెండు చిన్న మాటల మీద ఒక్క వారం పెట్టరు.

అలాగే ‘వచ్చాను’ (మీ ప్రాంతాన్ని బట్టి ‘వచ్చిన’ అనో ‘వచ్చినాను’ అనో అనుకోండి) ఒక్కటే రెండు పనులు చేస్తుంది. ‘నిన్న వచ్చాను’ అంటే ‘ఐ కేమ్ యెస్టర్‌డే’. తలుపు దగ్గర నిలబడి ‘వచ్చాను, తలుపు తియ్యి’ అంటే, వచ్చి ఇక్కడే ఉన్నానని అర్థం. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. ఎప్పుడు జరిగిందో చెబితే, లేక అవతలివాళ్లకు అది తెలిసే ఉంటే సింపుల్ పాస్ట్. సమయం ఊసెత్తకుండా, దాని ఫలితం ఇప్పుడు చేతిలో ఉందని చెప్పాలంటే ‘హ్యావ్’. మీ ఉద్యోగంలోనే చూడండి: ‘ఐ హ్యావ్ ఫిక్స్‌డ్ ద లాగిన్ ఇష్యూ’ అంటే ఇప్పుడు అది పనిచేస్తోంది, కావాలంటే చూసుకోండి అని. ఎప్పుడు చేశారని మేనేజర్ అడిగితే ‘ఐ ఫిక్స్‌డ్ ఇట్ యెస్టర్‌డే’. ‘ఐ హ్యావ్ ఫిక్స్‌డ్ ఇట్ యెస్టర్‌డే’ మాత్రం కుదరదు. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఇన్ 2019, టూ డేస్ ఎగో — ఇలా గడిచిపోయి తలుపు మూసేసిన సమయం వాక్యంలో ఉంటే ‘హ్యావ్’కు చోటు లేదు.

‘లేదు’ కూడా ఇలాగే రెండు చోట్ల నిలబడుతుంది. ‘నిన్న రాలేదు’ అంటే ‘డిడ్ నాట్ కమ్’. ‘ఇంకా రాలేదు’ అంటే ‘హ్యాజ్ నాట్ కమ్ యెట్’. తెలుగులో ‘ఇంకా’ అన్న మాట తలలోకి వస్తే ఇంగ్లీషులో ‘హ్యావ్’ వైపు తిరగండి, చాలాసార్లు సరిపోతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అనడం విని కంగారు పడకండి. అమెరికన్లు మాట్లాడేటప్పుడు జస్ట్, ఆల్రెడీ, యెట్‌లతో సింపుల్ పాస్ట్ ధారాళంగా వాడతారు. బ్రిటిష్ వాళ్లు అక్కడ ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’ అనడానికే మొగ్గుతారు. రెండూ సరైనవే. మీ టీమ్ ఎవరితో మాట్లాడుతుందో వాళ్ల పద్ధతి వినండి.

మనం భూతకాలంలో చెప్పేవి కొన్ని ఇంగ్లీషులో అసలు భూతకాలమే కావు. ‘నాకు పెళ్లయింది’ అంటే ‘ఐ యామ్ మ్యారీడ్’. ‘జలుబు చేసింది’ అంటే ‘ఐ హ్యావ్ ఎ కోల్డ్’. ‘అలిసిపోయాను’ అంటే ‘ఐ యామ్ టైర్డ్’. ఇంకా సందు మలుపులో ఉండగానే ఫోన్లో ‘ఇదిగో వచ్చేశా!’ అంటాం కదా, అది ‘ఐ యామ్ ఆల్మోస్ట్ దేర్’. ఇలాంటివి మీ సొంత మాటల్లోంచి ఏరుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏ పుస్తకంలోనూ దొరకని జాబితా అది.

‘హ్యాడ్’ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని విపరీతంగా వాడతారు. ‘లాస్ట్ వీక్ ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి’ అనడం దేశమంతా వినిపిస్తుంది. ఎంత వెనక జరిగితే అంత ‘హ్యాడ్’ అనే భ్రమ ఒకటి నాటుకుపోయింది. దూరంతో దీనికి సంబంధం లేదు. అశోకుడు కళింగ యుద్ధం చేసి రెండు వేల రెండు వందల ఏళ్లు దాటింది. అయినా ‘అశోకా ఫాట్ ద కళింగ వార్’ అనే అంటారు. అదే, నేను స్టాపుకి వెళ్ళేసరికి రెండు నిమిషాల ముందే బస్సు వెళ్ళిపోయి ఉంటే ‘వెన్ ఐ రీచ్డ్ ద స్టాప్, ద బస్ హ్యాడ్ లెఫ్ట్’. ‘హ్యాడ్’ రావాలంటే గతంలో ఒక మేకు పాతి ఉండాలి, దానికంటే ముందు జరిగింది చెప్పాలి. మేకు లేకుండా ‘హ్యాడ్’ అంటే, వినేవాళ్లు ‘దేనికంటే ముందు?’ అని ఎదురుచూస్తూ ఉండిపోతారు.

దీని సాధనకు నాకు బాగా పనిచేసింది క్రికెట్. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ చాలామందికి కళ్లముందే ఉంటుంది. కాబట్టి ఏం చెప్పాలా అని వెతుక్కోనక్కర్లేదు, ఎలా చెప్పాలన్నదే పని. మొదట సింపుల్ పాస్ట్‌లోనే చెప్పండి: ‘శ్రీలంక మేడ్ 274. మలింగ గాట్ సెహ్వాగ్ అవుట్ విత్ ద సెకండ్ బాల్. సచిన్ మేడ్ 18. కోహ్లీ మేడ్ 35. ధోనీ కేమ్ ఇన్ బిఫోర్ యువరాజ్. హి హిట్ కులశేఖర ఫర్ ఎ సిక్స్. ఇండియా వన్ బై సిక్స్ వికెట్స్.’ ఇది ఆగకుండా వచ్చేదాకా ఇంకేమీ కలపొద్దు.

అప్పుడు ధోనీ దిగిన క్షణం దగ్గర ఆగండి. అదే మన మేకు. ఆ క్షణంలో ఏం జరుగుతూ ఉంది? గంభీర్ నిలదొక్కుకుని ఆడుతున్నాడు. తెలుగులో ‘ఆడుతున్నాడు’ అనే అన్నాం చూడండి, ఇంగ్లీషులో మాత్రం ‘గంభీర్ వాజ్ బ్యాటింగ్ వెల్’. అప్పటికే ఏం జరిగిపోయింది? స్కోరు 114కి చేరేసరికి మూడు వికెట్లు పడ్డాయి: ‘త్రీ వికెట్స్ హ్యాడ్ ఫాలెన్’. అంతకుముందు నుంచీ ఉన్న కథ ఏమిటి? ‘ఇండియా హ్యాడ్ నాట్ వన్ ద కప్ సిన్స్ 1983.’ తర్వాత ఏమైంది? ‘గంభీర్ మేడ్ 97’ — కథ మళ్లీ ముందుకు కదిలింది కాబట్టి మళ్లీ సింపుల్ పాస్ట్. ఇలా ఒకే సంగతిలో మూడు రూపాలూ తమ చోటు తామే చూసుకుంటాయి. క్రికెట్ ఇష్టం లేకపోతే మీ అక్క పెళ్లి తీసుకోండి, తాళి కట్టే క్షణాన్ని మేకుగా పెట్టుకోండి. ముందే ఎవరు వచ్చి ఉన్నారు, అప్పుడు ఎవరు ఏం చేస్తున్నారు, తర్వాత ఏం జరిగింది అని చెప్పుకుంటూ పోండి.

నోటి సాధన అన్నాను కాబట్టి ఉచ్చారణ దాటేయలేను. ‘ఈడీ’ చేర్చిన ప్రతి క్రియనూ ‘వాకెడ్’, ‘చెకెడ్’, ‘ఫిక్సెడ్’ అని చదవడం బడి నుంచి వచ్చిన అలవాటు. దానికి మూడు ధ్వనులు ఉన్నాయి. మన వ్యాకరణంలో పరుషాలు, సరళాలు చదువుకున్నారు కదా, అది ఇక్కడ అక్కరకొస్తుంది. క్రియ చివర క్, ప్, చ్ లాంటి పరుష ధ్వని గానీ, స్, ష్, ఫ్ లాంటి ఊదే ధ్వని గానీ ఉంటే పరుషమైన ‘ట్’ వస్తుంది: వాక్ట్, స్టాప్ట్, వాచ్ట్, ఫిక్స్ట్, వాష్ట్, లాఫ్ట్. మిగతా చోట్ల సరళమైన ‘డ్’: కాల్డ్, ఓపెన్డ్, ప్లేడ్, మూవ్డ్. చివర ట్ గానీ డ్ గానీ ఉంటేనే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్, అప్‌డేటిడ్. అనుమానం వస్తే గొంతు మీద వేలు పెట్టి క్రియ చివరి ధ్వని పలకండి. అదురు తగిలితే ‘డ్’, తగలకపోతే ‘ట్’.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి ‘ట్’, ‘డ్’లను మనం మింగేస్తాం, లేదా ‘స్టాప్టు’ అని ఉకారం తగిలిస్తాం. మింగేస్తే నష్టం ఎక్కువ. మీరు సరైన రూపమే అనుకున్నా, వినేవాళ్లకు ‘యెస్టర్‌డే ఐ కాల్ ద క్లయింట్’ అని వినపడుతుంది. దీనికి సులువు ఏమిటంటే, తర్వాత అచ్చుతో మొదలయ్యే మాట పెట్టి, సంధి చేసినట్టు కలిపి పలకడం: ‘చెక్ట్ ఇట్’ను ‘చెక్-టిట్’, ‘ఓపెన్డ్ ఇట్’ను ‘ఓపెన్-డిట్’ అని. ముందు వీటితో చేయండి, తర్వాత విడిగా పలకడం కూడా వస్తుంది. ‘వాక్ట్ టు ద స్టేషన్’ లాంటి చోట్ల రెండు టకారాలు కలిసిపోయి ఇంగ్లీషు వాళ్ల నోటా ఒక్కటే వినపడుతుంది, అక్కడ పట్టుదల అక్కర్లేదు.

‘ఈడీ’ చేర్చుకోని మొండి క్రియల్ని అక్షర క్రమంలో చదవడం ఆపేయండి. ధ్వనిని బట్టి గుంపులు చేసుకుంటే నిలుస్తాయి. డ్రింక్–డ్రాంక్, సింగ్–సాంగ్ (పాట అనే సాంగ్ కాదు, ‘బ్యాంక్’లో ఉన్న అచ్చు పలకాలి), రింగ్, స్విమ్, బిగిన్ ఒక గుంపు. నో–న్యూ, గ్రో–గ్రూ, త్రో–త్రూ, ఫ్లై–ఫ్లూ ఇంకొకటి. బ్రింగ్–బ్రాట్, బై–బాట్, థింక్–థాట్, టీచ్–టాట్, క్యాచ్–కాట్ మరొకటి. పుట్, కట్, హిట్, షట్ మారవు. ‘రీడ్’ రాతలో మారదు, పలకడంలో ‘రెడ్’ అవుతుంది. గో, కమ్, సీ, సే, గెట్, టేక్, మేక్, నో, థింక్ లాంటి రోజువారీ క్రియలన్నీ ఈ మొండివాళ్లలోనే ఉన్నాయి. ఎక్కువ వాడకం వల్లే ఇవి పాత రూపాల్ని పోగొట్టుకోలేదు. ‘వెంట్’ నిజానికి ‘గో’ బిడ్డ కాదు, ‘వెండ్’ అనే వేరే క్రియ భూతకాలం. శతాబ్దాల కిందట ‘గో’ పక్కన చేరి స్థిరపడిపోయింది. ఇలాంటిది తర్కంతో రాదు, వాక్యంలో పెట్టి పలికితేనే వస్తుంది. మీ పనికి కావలసినవి యాభై అరవైకి మించవు, వాటితో మొదలుపెట్టండి.

రెండు చిన్న హెచ్చరికలు. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్’ అంటే ‘అయిదింటికి లేచేవాణ్ణి’ అని, ఇప్పుడు లేవడం లేదని అర్థం. ఇప్పటికీ లేస్తుంటే ‘ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్’. ఇంటర్వ్యూల్లో ఇది తారుమారై ఉన్న మంచి అలవాటును మానేసినట్టు చెప్పుకునేవాళ్లున్నారు. రెండోది, ‘వస్తానన్నాడు’. తెలుగు అతని మాటను అతని నోట ఉన్నట్టే ఉంచుతుంది, కాబట్టి ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్’ వచ్చేస్తుంది. అలా అంటే వచ్చేది మీరని అర్థమవుతుంది! ‘హి సెడ్ హి వుడ్ కమ్’ అనాలి.

రోజువారీ సాధన గురించి అడిగారు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగింది ఫోన్లో రికార్డు చేస్తూ చెప్పండి. రాసుకుని చదవొద్దు. మధ్యలో తప్పు దొర్లితే ఆగి దిద్దుకోవద్దు, పూర్తి చేయండి. తర్వాత వినేటప్పుడు అన్ని తప్పులూ వెతక్కండి, ఒక వారం ‘డిడ్’ మాత్రమే, ఇంకో వారం ‘వాజ్’, ఇంకో వారం చివరి ‘ట్’, ‘డ్’. వారానికి ఒకసారి, వినేవాళ్లు దొరికితే, 4/3/2 పద్ధతి చేయండి. న్యూజిలాండ్ భాషాచార్యుడు పాల్ నేషన్ రాతల వల్ల ఇది ఇంగ్లీషు టీచర్లలో బాగా వ్యాపించింది. ఒకే సంగతిని ఒకరికి 4 నిమిషాల్లో, మరొకరికి 3 నిమిషాల్లో, ఇంకొకరికి 2 నిమిషాల్లో చెప్పాలి. రెండోసారికే ఏం చెప్పాలన్న వెతుకులాట పోయి, మనసు క్రియల మీద నిలుస్తుంది. ముగ్గురు దొరక్కపోతే ఫోన్‌కే మూడుసార్లు చెప్పండి.

మీ పొద్దుటి మీటింగును కూడా సాధనగా మార్చుకోవచ్చు. ముందురోజు రాత్రే మూడు వాక్యాలు నోటితో తయారుచేసుకోండి: చేసినది ఒకటి, చేయలేకపోయినది ఒకటి, అడగాల్సినది ఒకటి. ‘ఐ క్లోజ్డ్ టూ టికెట్స్. ఐ డిడ్ నాట్ గెట్ ద లాగ్స్. డిడ్ ఎనీవన్ టాక్ టు ద నెట్‌వర్క్ టీమ్?’ అవునని, కాదని, ప్రశ్న — మూడు రూపాలూ అందులోనే ఉన్నాయి. ఈ మూడూ చూడకుండా, ఆగకుండా రావడం మొదలైతే నాలుగో వాక్యంగా ‘హ్యావ్’తో ఒకటి చేర్చండి: ‘ఐ హ్యావ్ అప్‌డేటిడ్ ద షీట్.’ పాస్ట్ పర్ఫెక్ట్‌ను, అంటే ఆ ‘హ్యాడ్’ రూపాన్ని, మీటింగులోకి తేవడానికి తొందరేమీ లేదు, క్రికెట్ కథలోనే ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి.